పరుపులక్క నారింజ సీసాలు

చలి మొదలై, వీధి మొదట్లో పళ్ళ బండి మీద నారింజలు గుట్టపడగానే పరుపులక్క తన పెద్ద సూదిని తీసి గోడ మేకుకు తగిలించేది. సెలవుల పండగ దాటేదాకా ఇక ఆ సూది కిందికి దిగదు. పరుపు చిరిగినవాళ్ళు చిరిగినదాని మీదే పడుకోవాలి. దూది ఉండకట్టినవాళ్ళు ఆ ఉండల మీదే అటూ ఇటూ దొర్లాలి. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ రోజుల్లో అక్క చేతులు సీసాలవని అందరికీ తెలుసు.

చూడ్డానికి తేలికపాటి పనే. నారింజ తొక్క వలిచి, లోపలి తెల్లటి పొర గీకి, అగ్గిపుల్లల్లా సన్నగా తరిగి నీళ్ళలో నానెయ్యాలి. పూటపూటకీ నీళ్ళు మార్చాలి. చేదు కొంత నీళ్ళలో పోతుంది, కొంత ఉడుకులో పోతుంది, మిగిలింది మాత్రం మొండికేసి కూర్చుంటుంది. తర్వాత రసం పోసి, పంచదార పోసి, తీగపాకం వచ్చేదాకా తెడ్డుతో కలపాలి. వేడివేడిగా సీసాల్లోకి వంచి, మూతలు బిగించి, ఒక రాత్రి కదపకుండా ఉంచాలి.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు సంగతంతా పంచదార పడిన దగ్గర్నుంచి మూత బిగించేదాకా ఉన్న కాసేపట్లో ఉంది. ఆ కాసేపూ తెడ్డు ఆగకూడదు. ఆ సీసా ఎవరికోసమో ఆ మనిషి మీంచి ధ్యాస తప్పకూడదు. ఎందుకంటే ఆ ఇంటి సీసా, కలిపినవాళ్ళు ఎవర్ని తలుచుకున్నారో వాళ్ళ చేతిలోనే తెరుచుకుంటుంది. మిగతావాళ్ళు ఎంత బలం చూపించినా మూత వెంట్రుకవాసి కదలదు. పగలగొట్టి తిందామా అంటే, లోపలున్నది నాలిక మీద పెట్టుకోలేనంత చేదు. చీమలు కూడా దాన్ని చుట్టు తిరిగి పోతాయి. సరైన చెయ్యి తగిలి మూత వదిలితేనే ఆ మొండి చేదు విరుగుతుంది. ఒకసారి విరిగాక ఇక ఎవరు తిన్నా తియ్యనే.

పాలు కాగితే పొంగుతాయన్నంత మామూలుగా ఈ సంగతి ఆ వీధిలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. అక్క వాళ్ళమ్మ బతికున్న రోజుల్లో ఒక ఏడాది పోస్టుమాన్ కోసం చేసిన సీసా ఆయన చేతిలో తెరుచుకోలేదు. వీధి వీధంతా పట్టి చూసి ఓడిపోయాక, పొద్దున్నే పాలు పొయ్యడానికి వచ్చినవాడు ఊరికే అలా పట్టుకునేసరికి మూత ఊడి చేతిలోకొచ్చింది. అమ్మ నాలిక్కరుచుకుంది. పాకం కలుపుతున్నంతసేపూ ఆ వేళ పాలల్లో ఎన్ని నీళ్ళు కలిశాయా అని ఆలోచించిందట. పాలవాడు తలవంచుకుని సీసా తీసుకెళ్ళి, కొన్నాళ్ళపాటు చిక్కటి పాలు పోశాడు. పోస్టుమాన్‌కి మళ్ళీ వేరే సీసా చేశారు.

ఈ ఏడాది మాత్రం వీధికి ఒక్క సీసా కూడా చెయ్యనని అక్క ముందే చెప్పేసింది. చెయ్యవలసింది ఒక్కరికే. ఆ ఒక్క మనిషీ లోపలి గదిలో, కిటికీ పక్క మంచం మీద, అక్క కుట్టిన పరుపులన్నిట్లోకీ మెత్తటిదాని మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

ఆమె అక్కకు చెల్లెలు. చిన్నప్పుడు కంచంలో ఏది పెట్టినా ముక్కుతో పొడిచినట్టు కాస్త కాస్త తినేదని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. అమ్మ పోయేనాటికి పిచ్చుకకి సొంతంగా జడ వేసుకోవడం కూడా రాదు. అక్క పరుపుల పని నేర్చుకున్నదీ, పెళ్ళి మాట ఎత్తినవాళ్ళని దులిపి పంపించిందీ ఆ పిల్లను పెంచడానికే. పెంచి పెద్దచేసి, రొట్టెల బట్టీలో పనిచేసే అబ్బాయికిచ్చి చేసింది. అతను నెమ్మదస్తుడు. కనుబొమల మీద ఎప్పుడూ పిండి అంటుకుని ఉండేది. పెళ్ళిలో కూడా అంతే. ఆ కనుబొమలు చూసి అక్క నవ్వాపుకోలేకపోయింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో, ఇంకా నెలలు నిండకుండానే పిచ్చుకకి నొప్పులొచ్చాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఉన్న ఒక్క బండీ బట్టీ దగ్గరే ఉంది. ఆ రోజు బట్టీలో మరిది తప్ప ఇంకో మనిషి లేడు. లోపల ఎవరో పెళ్ళివారి రొట్టెలు కాలుతున్నాయి. అక్క కబురు పంపింది. "ఈ వాయి తీసేసి వస్తాను" అన్నాడట. మళ్ళీ కబురు పంపింది. మళ్ళీ అదే మాట. వాయి తీసి, బండి తోలుకొచ్చి, ఆసుపత్రికి చేర్చేసరికి బిడ్డ దక్కలేదు. ముందే వచ్చి ఉంటే దక్కేదా అని అడిగితే డాక్టరమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అక్కకి మాత్రం ఏ అనుమానమూ లేదు.

చెల్లెల్ని ఆసుపత్రి నుంచి తిన్నగా తనింటికి తెచ్చుకుంది. మరిదిని గడప తొక్కనివ్వలేదు. ఆ ఇంట్లో అతనికి ముందు వరస పోయింది, తర్వాత పేరు పోయింది. కొన్నాళ్ళు "వాడు" అన్నారు. చివరికి ఆ మాట కూడా పోయింది.

అతను రోజూ పొద్దున్నే వచ్చేవాడు. బట్టీలోంచి తీసిన రొట్టె గుడ్డసంచిలో పెట్టి గడప ముందు మెట్టు మీద ఉంచి, కాసేపు అక్కడే నిలబడి వెళ్ళిపోయేవాడు. అక్క తలుపు తీసి, ఆ రొట్టెను తుంపి, పెరట్లో తిరిగే మేడమీదత్త కోళ్ళకి వేసేది. మేడమీదత్త అదే ఇంట్లో పైభాగంలో ఉండే పెద్దావిడ. నోరు కాస్త పెద్దదే గాని మనసు మంచిది. "మీ మరిది పుణ్యమా అని నా కోళ్ళు పెళ్ళికూతుళ్ళలా తయారయ్యాయే. రేపు వీటికి సంబంధాలు కూడా వాణ్ణే చూడమంటాను" అనేది కటకటాల మీదకి వంగి. అక్క నవ్వేది కాదు.

ఒక్కసారి మాత్రం తలుపు తీసేసరికి అతనింకా అక్కడే ఉన్నాడు.

"ఒక్కసారి చూసి వెళ్తాను వదినా. మాట్లాడను. గుమ్మంలోంచే చూస్తాను."

"నీ బట్టీ చల్లారిపోతుంది. వెళ్ళు" అంది అక్క.

లోపల మంచం మీద పిచ్చుక ఆ మాట విన్నదో లేదో తెలీదు. గోడవైపే ఉంది.

ఆమె తిండి మానలేదు, తిండే ఆమెను మానేసింది. గంజి పట్టినా, పాలు పట్టినా, ముద్ద మెత్తగా మెదిపి పెట్టినా కడుపులో నిలిచేది కాదు. మొదట్లో చెంచాలతో మొదలుపెట్టి తర్వాత చుక్కల్లోకి వచ్చారు. మణికట్టు మీది ఎముక గుండీలా పైకి తేలింది. సూదిమందు ఎక్కిద్దామంటే నరం దొరకడం లేదని డాక్టరమ్మ చేతులు పట్టుకుని వెతికేది. అక్క దూది ఏకడానికి వాడే తన చేతుల్తో చెల్లెల్ని పక్కకి తిప్పుతున్నప్పుడు, దూది ఇంతకన్నా బరువుంటుందే అనుకునేది. అనుకుని, ఆ అనుకున్నందుకు వంటగదిలోకెళ్ళి గిన్నెలు చప్పుడు చేసేది.

అలాంటి ఒక పొద్దుట పిచ్చుక దానంతట అదే నోరు తెరిచింది.

"అక్కా, ఈ ఏడాది నారింజలు రాలేదా?"

అంతే అంది. అక్క ఉన్నపళంగా, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా పళ్ళ బండి దగ్గరికి పరుగెత్తింది.

మొదటి వాయి ఎంతో శ్రద్ధగా చేసింది. తొక్క ఇంత సన్నగా ఎప్పుడూ తరగలేదు. పంచదార పొయ్యగానే చెల్లెల్ని తలుచుకుంది. పిచ్చుక చిన్నప్పుడు ఈ తెడ్డు నాకడానికి పొయ్యి పక్కన గొంతుక్కూర్చునేది. పెళ్ళయ్యాక కూడా వచ్చి అలాగే కూర్చుంది. నిరుడు, పక్కన అతను కూడా కూర్చున్నాడు, కనుబొమల మీద పిండితో. ఇద్దరూ ఒకే తెడ్డుకి పోటీ పడ్డారు. ఆ పిండి చేతులతోనే కదూ, ఆ రోజు, వాయి తీసేసి వస్తానని... అక్క దవడ బిగుసుకునేది. తెడ్డు గిన్నె అడుగుని గీరేది. ఛీ, చెల్లెలు, చెల్లెలు అనుకుని మళ్ళీ మొదలుపెట్టేది. పిచ్చుక నవ్వు తలుచుకునేది. ఆ నవ్వు ఎవరి మాటకి నవ్విందో గుర్తొచ్చేది. పిచ్చుక కడుపు తలుచుకునేది. ఆ కడుపు మీద చెవి ఆనించి "లోపల ఎవరో పిండి కలుపుతున్నారు" అన్నది ఎవరో గుర్తొచ్చేది. ఏ దారిన వెళ్ళినా ఆ దారి బట్టీ ముందుకే పోయి ఆగేది.

తెల్లారి సీసా తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. వేళ్ళు మూత మీద చుట్టి, పైన తన చెయ్యి వేసింది. మూత కదల్లేదు.

"ఓపిక లేదక్కా" అంది పిచ్చుక.

ఓపికతో పనిలేదని ఇద్దరికీ తెలుసు. సరైన చెయ్యయితే పసిబిడ్డ చెయ్యైనా చాలు. కానీ ఇద్దరూ ఓపిక లేకపోవడమే అనుకోవడానికి ఒప్పుకున్నారు.

రెండో వాయి తెరుచుకోలేదు. తర్వాతదీ తెరుచుకోలేదు. వంటింటి గూట్లో నారింజరంగు సీసాలు వరస కట్టాయి. పొద్దుటెండ పడితే గోడంతా దీపాలు పెట్టినట్టుండేది. ఆ వెలుగు చూస్తే అక్కకి ఒళ్ళు మండిపోయేది.

ఎవరో ఒకరికి తెరుచుకోవాలి కదా అని వీధిలోవాళ్ళందరూ వచ్చారు. గడియారాలు బాగుచేసే తాత కళ్ళద్దాలు పైకి తోసుకుని, చెవి దగ్గర పెట్టుకుని మరీ తిప్పాడు. పళ్ళ బండి అతను ప్రయత్నించాడు, తన నారింజల మీద విసుక్కుంటూ కలిపిందేమోనని. డాక్టరమ్మ కూడా నాడి చూడ్డం అయ్యాక చెయ్యి చాపి ఒక సీసా తీసుకుంది, తిప్పి చూసి, పెట్టేసింది. అక్క తనే పట్టి చూసుకుంది. చివరికి ఎవరూ చూడకుండా ఒక సీసా తీసుకెళ్ళి గోడ మీది అమ్మ ఫోటోకి ఆనించి కాసేపు నిలబడింది. అమ్మ పటంలో ఎప్పట్లాగే ఉంది. సీసా కూడా ఎప్పట్లాగే ఉంది.

"ఎవర్ని తలుచుకుంటున్నావే కలిపేటప్పుడు?" అనడిగింది మేడమీదత్త.

"చెల్లెల్ని. ఇంకెవరున్నారు నాకు?"

మేడమీదత్త ఏదో అనబోయి, పెరట్లో రొట్టెముక్కలు ఏరుకుంటున్న కోళ్ళకేసి చూసి ఊరుకుంది. నోరు పెద్దదే అయినా ఎక్కడ ముయ్యాలో ఆవిడకి తెలుసు.

పండగ దగ్గరపడింది. వీధిలో ప్రతి ఇంటి పొయ్యీ రాజుకుంది. ఇంటింటి నుంచీ ఏదో ఒకటి రాసాగింది. ఎండుద్రాక్ష వేసిన కేకు, తేనెలో నానబెట్టిన అంజూరాలు, వేయించిన బాదంపప్పు, వెన్న బిస్కట్ల డబ్బా. అందరూ పిచ్చుక కోసమనే తెచ్చారు. అందరూ గుమ్మంలోంచే లోపలికి తొంగి చూసి, గొంతు తగ్గించి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. బల్ల నిండిపోయి కుర్చీల మీదికి వచ్చింది. వీధిలో ఏ ఇంట్లోనూ అంత తిండి లేదు. ఆ ఇంట్లోనే ఒక మనిషి ఆకలి లేక కరిగిపోతోంది.

పండగ ముందురోజు డాక్టరమ్మ పిచ్చుకని చూసి, బయటికొచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుంది.

"రేపు పొద్దున పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం. బండి నేను పంపిస్తాను. ఇంక ఇంట్లో ఉంచి లాభం లేదమ్మా."

"అక్కడికి చాలా దూరం కదండీ. తట్టుకుంటుందా?"

డాక్టరమ్మ అప్పటికే శుభ్రంగా ఉన్న కళ్ళద్దాలు మళ్ళీ తుడిచింది.

నానబెట్టిన తొక్క ఇంకొంచెం మిగిలింది. అది చివరిది. పళ్ళ బండి అతను పండక్కి ఇంటికెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అక్క పొయ్యి వెలిగించింది. పంచదార పోసింది. ఈసారి తప్పకూడదని పళ్ళు బిగించి, చెల్లెలు, చెల్లెలు అని పైకే అంటూ కలపడం మొదలుపెట్టింది. పాకం బుడగలు పెద్దవై, నెమ్మదించి, రంగు తిరిగింది. ఇంకాస్సేపట్లో తీగ వస్తుంది. ఇప్పుడు చెయ్యి ఆగిందా, అడుగంటి ఇంత కష్టమూ బొగ్గవుతుంది.

"అక్కా" అన్న పిలుపు లోపలి గదిలోంచి వచ్చింది.

"వస్తున్నానమ్మా. ఈ పాకం దించేసి వస్తాను."

తెడ్డు తిరుగుతూనే ఉంది. ఒక చుక్క పళ్ళెంలో వేసి చూసింది. ఇంకా జారుతోంది.

"అక్కా..."

"ఇదిగో, అయిపోయింది. ఈ పాకం దించేసి వస్తాను."

గ్లాసు కింద పడిన చప్పుడైంది. దొర్లిన చప్పుడు కూడా వినిపించింది. అక్క గుండె అటు దూకింది, చెయ్యి మాత్రం ఇటే ఉండిపోయింది. తీగ వచ్చింది. పాకం సీసాలోకి వంచింది. మూత బిగించింది. అప్పుడు పరుగెత్తింది.

పిచ్చుక సగం మంచం మీద, సగం కింద ఉంది. నీళ్ళ గ్లాసు అందుకోబోయి వాలిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని వాటిలో చూపు లేదు. అక్క ఎత్తి ఒళ్ళో వేసుకుని, అరికాళ్ళు రుద్ది, పెదవుల మీద నీళ్ళు అద్ది, పేరు పెట్టి పిలిచి, తిట్టి, బతిమాలింది. చాలాసేపటికి ఒక ఊపిరి గట్టిగా వచ్చింది. తర్వాత ఇంకొకటి వచ్చింది. పిచ్చుక కళ్ళు తిరిగి అక్క మీద నిలిచాయి.

"పిలిచాను" అంది. అందులో నిష్ఠూరం లేదు. ఊరికే చెప్పింది.

"వినిపించిందమ్మా" అంది అక్క. "పాకం మీద ఉన్నాను."

ఆ మాట అనేశాక అక్క నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. చేతికి అంటుకున్న పాకం ఆరి గట్టిపడుతోంది. చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, చీకటి పడేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.

తెల్లవారింది. పండగ. వీధిలో తలుపులన్నీ తెరుచుకుంటున్నాయి. చివరి సీసాని చెల్లెలి వేళ్ళ మధ్య పెట్టి చూసింది. అదీ తెరుచుకోలేదు. అక్కకి ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. గూట్లో ఉన్న సీసాలన్నీ తట్టలోకి ఎత్తుకుంది. బండి వచ్చేలోగా వీటిని చెత్తకుప్పలో పారేసి రావాలి. ఈ వెలుగు ఇక ఇంట్లో ఉండకూడదు. తలుపు తీసింది.

మెట్టు మీద అతనున్నాడు. సంచి ఇంకా కింద పెట్టలేదు. చిక్కిపోయాడు. కనుబొమల మీద పిండి అలాగే ఉంది. అక్క చేతుల్లో తట్ట ఒక పక్కకి ఒరిగింది, సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి.

"బరువుగా ఉంది వదినా, ఇటివ్వండి" అన్నాడు.

ఎన్నాళ్ళుగానో అతని చేతిలోంచి ఏదీ అందుకోలేదు, ఏదీ ఇవ్వలేదు. ఈ పొద్దుట అక్కకి కాదనే బలం లేదు. తట్ట వదిలేసింది. అతను సంచిని భుజాన వేసుకుని, తట్ట కింద రెండు చేతులూ పెట్టాడు.

టక్కుమని ఒక మూత లేచింది. పక్కన ఇంకొకటి. తర్వాత తట్టంతా వానచినుకులు మొదలైనట్టు టకటకలాడింది. మూతలన్నీ సీసాల మీద వదులుగా వాలాయి. నారింజ వాసన మెట్లు దిగి వీధిలోకి నడిచింది. ఎదురింట్లో తాత గడియారం చెవి దగ్గర పెట్టుకున్నవాడు తలెత్తి చూశాడు.

మేడమీదత్త కటకటాల మీంచి వంగి ఇద్దర్నీ చూసింది. ఎవరితో అన్నట్టూ కాకుండా, "చెంచా గూట్లో కుడిపక్కనుంది" అంది.

అతను తట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తనేదో తప్పు చేశాననే అనుకున్నాడు.

"నేనేం చెయ్యలేదు వదినా. ఊరికే పట్టుకున్నాను."

"తెలుసు" అంది అక్క. పక్కకి జరిగింది. "లోపలికి రా. చేతులు కడుక్కో."

పిచ్చుక ఈసారి గోడవైపు లేదు. వాసనకి ఇటు తిరిగింది. అతను మంచం పక్కన నేల మీద కూర్చుని, చెంచా చివర ఒక్క తొక్క ముక్క తీసి పెదవులకి ఆనించాడు. పాకం జారి గడ్డం మీద పడింది. పిచ్చుక నాలిక చాపి అందుకుంది. గుటక వేసింది. అక్క తలుపు చెక్క పట్టుకుని, ఆ గుటక గొంతులోంచి దిగడాన్ని చూస్తూ, అది ఎప్పుడు వెనక్కి వస్తుందా అని ఎదురుచూసింది. రాలేదు.

ఇంకో ముక్క పెట్టాడు. అదీ నిలిచింది.

"ఇవి ఎవరికోసం చేశావక్కా?" అంది పిచ్చుక.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది, వాటికి తడేమీ లేకపోయినా.

"మీ ఆయన కోసం" అంది. "నీ కోసమే అనుకున్నాను. కానీ కలిపినంతసేపూ ఈయనే ఉన్నాడు."

అతను తల ఎత్తలేదు. "వదినా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాడు.

"తెలుసు" అంది అక్క. "వాయి మీద ఉన్నావు."

అతను చెంచా సీసాలో పెట్టి, మోచేతిలో మొహం దాచుకున్నాడు. పిచ్చుక చెయ్యి పరుపు మీంచి పాకుతూ వచ్చి అతని కనుబొమ మీది పిండిని తుడిచింది. తుడిచి, అలిసిపోయి, అక్కడే ఆగింది.

"నేను మర్చిపోయానని కాదు" అంది అక్క. ఎవరికి చెప్పిందో ఆమెకే తెలీదు. "బండి వస్తుంది. ఈలోగా ఇంకో రెండు ముక్కలు పెట్టు."

బండి వచ్చింది. దాంట్లోంచి డాక్టరమ్మ దిగి, లోపలికొచ్చి, నాడి పట్టుకుని, సీసాకేసి చూసి, అతనికేసి చూసింది. సాయంత్రందాకా చూద్దాం అంది. బండి వీధి చివర్దాకా వెళ్ళి ఆగి ఉంది. సాయంత్రం అలాగే ఖాళీగా వెళ్ళిపోయింది.

ఆ పొద్దుటే, బండి ఇంకా వీధి చివర ఉండగానే, పాకం ఒక్కటే తింటే వికారమని పిచ్చుక మెల్లగా అంది, దాని కింద ఏదైనా ఉంటే బాగుండునని. అక్క అతని భుజం మీది సంచి అడిగి తీసుకుంది. రొట్టె ఇంకా వెచ్చగా ఉంది. చిన్న ముక్క తుంపి, పైన పాకం రాసి, అతనికి అందించింది. మిగిలిన రొట్టెలో ఒక తునక తన నోట్లో వేసుకుని నిలబడి నమిలింది. బాగానే ఉంది. ఇన్నాళ్ళూ బాగానే ఉందన్నమాట.

పెరట్లో మేడమీదత్త కోళ్ళు తలుపు దగ్గరికి చేరి, మెడలు పక్కకి వాల్చి, ఎప్పట్లాగే ఎదురుచూశాయి. ఆ రోజు వాటికి రొట్టె దొరకలేదు.